దారం కట్టిన కంకులు

ఈ బరువు చాలా ఏళ్ళుగా నా దగ్గరే ఉంది. బరువు అనగానే మీరు పెద్ద ఘోరం ఏదో ఊహించుకుంటారేమో. అది ఒక్క మాట. పశువుల కొట్టం పక్కన నిలబడి, ఎవరూ వినకుండా, ఒక పెద్దమనిషికి చెప్పిన ఒకే ఒక్క మాట. దానితో ఒక మనిషి నోటి దగ్గరి కూడు పోయింది. పోగొట్టింది నేనని ఆమెకు తెలియదు. ఊరికి తెలియదు. మా ఆయనకు ఈ రోజుకీ తెలియదు. మా అత్తమ్మకు తెలిసిపోయిందేమోనని ఒకసారి అనుమానం వచ్చింది గాని, ఆమె కూడా పోయింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు నా గుణం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. చిన్నప్పటి నుంచి నాకు ప్రతిదీ తెలుసుకోవాలనే ఆరాటం. మా నాన్నకు జహీరాబాద్ బజారులో కిరాణా దుకాణం ఉండేది. పొట్లాలు కట్టే కాగితాల మీద ఏముందో చదివిన తర్వాతే ఇచ్చేదాన్ని. గోడ గడియారం లోపల ఏముందో చూడాలని విప్పి, మళ్ళీ బిగించడం రాక దెబ్బలు తిన్నాను. పదో తరగతి దాకా చదివించి, డెబ్బయ్యవ దశకం మొదట్లో న్యాల్‌కల్ దగ్గరి ఒక పల్లెకు కోడలిగా పంపారు. ఆ ఊళ్ళో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఎవరింటికి ఉత్తరం వచ్చినా, సర్కారు కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. నేను సంబరంగా చదివిపెట్టేదాన్ని. సాయం చేయాలన్న బుద్ధి కంటే లోపల ఏముందో చూడాలన్న ఆత్రమే ఎక్కువని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మొగులమ్మ మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేది. హవల్దార్ శంకరప్ప ఒక్కగానొక్క బిడ్డ. ఆయన చాలా ఏళ్ళు ఫౌజులో పనిచేసి పింఛన్ మీద ఊరికి వచ్చాడట. నేను కాపురానికి రాకముందే పోయాడు. ఆయన పోయాక కుటుంబ పింఛన్ భార్య కాశవ్వ పేరున మనియార్డరులో వచ్చేది. మొగులమ్మకు అప్పటికే ముప్పై దాటాయి. మనిషి ఎదిగింది గాని బుద్ధి ఆరేడేళ్ళ దగ్గరే ఆగిపోయింది. బావికి పంపితే బిందె అక్కడే వదిలి నవ్వుకుంటూ వచ్చేది. ఒకసారి చీరకు నిప్పంటుకున్నప్పటి నుంచి పొయ్యి దగ్గరికి పోనిచ్చేవారు కాదు. రెండు దాటిన లెక్క ఏదైనా ఆమెకు ‘ఇన్ని’.

కాని ఊళ్ళో ఆమెకంటూ ఒక పని ఉంది. మా వైపు నల్లరేగడిలో యాసంగి జొన్న వేస్తారు. గింజ గట్టిపడ్డాక, కోతకు ముందు, విత్తనానికి పనికొచ్చే కంకులను చేనులోనే గుర్తుపెట్టుకోవాలి. ఆ గుర్తు పెట్టేది మొగులమ్మే. అందరి చేలల్లోకీ పోయి, తనకు నచ్చిన కంకి మెడకు దారం కట్టేది. ఆ కంకులను విడిగా కోసి, ఎండబెట్టి, గింజల్లో బూడిదా వేపాకూ కలిపి, ఎర్రమట్టి పూసిన బుట్టల్లో పోసి మూత మెత్తేవాళ్ళు. మరుసటి ఏడు విత్తేది అవే. అందుకు ప్రతి ఇంటి నుంచీ ఆమెకు ఇన్ని జొన్నలు కొలిచి ఇచ్చేవాళ్ళు. ఇస్తూ, మొగులమ్మ చెయ్యి మంచిది అనేవాళ్ళు. ఆ మాట వినడానికే ఆమె ఇంటింటికీ వచ్చేదనిపిస్తుంది. సిగ్గుపడి, చెంగు నోట్లో కుక్కుకుని, ఆ చెయ్యి వెనక్కి దాచుకునేది.

దారం శంకరప్ప ఫౌజీ స్వెటర్‌ది. అది ఆకుపచ్చా కాదు, మట్టిరంగూ కాదు. కాశవ్వ దాన్ని కింది అంచు నుంచి ఏటా కొంచెం విప్పి బిడ్డ చేతికి ఉండ చుట్టి ఇచ్చేది.

ఇదంతా నాకెంత వింతగా ఉండేదో చెప్పలేను. బిందె తేలేని మనిషి విత్తనం ఎట్లా ఏరుతుంది? గింజ బరువు చూస్తుందా? రంగా? నేను ఆమె వెంట చేలల్లో తిరిగాను. కంకి పొడుగు, వంపు, కాడ లావు, ఏ సాలులో ఉంది, పొద్దు ఎటు ఉంది, అన్నీ ఒక పాత నోటుబుక్కులో రాసుకున్నాను. ఒకచోట వంగిన కంకికి కట్టేది, పక్కనే బలిసిన కంకిని వదిలేసేది. ఎందుకని అడిగితే, “గిది నన్ను పిలిసింది వదినె” అనేది. నేనది కూడా రాసుకున్నాను. మా ఆయన ఆ నోటుబుక్కు చూసి నవ్వేవాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఆ రహస్యం ఏదో ఒకనాడు దొరుకుతుందని, అది పట్టుకునేది నేనేనని నాకు గట్టి నమ్మకం.

నేను కాపురానికి వచ్చిన ఐదారేళ్ళకు కాశవ్వ జ్వరంతో పోయింది. ఆమెతోనే పింఛన్ ఆగింది. సరిహద్దు అవతల, బీదర్ వైపు నుంచి మొగులమ్మ మేనమామ వచ్చాడు. సగం కన్నడం సగం తెలుగు మాట్లాడే నెమ్మదైన మనిషి. ఫౌజు వాళ్ళ పిల్లల్లో ఎవరైనా పెద్దయినా తమ కాళ్ళ మీద తాము బతకలేని స్థితిలో ఉంటే తల్లిదండ్రుల తర్వాత పింఛన్ వాళ్ళకే వస్తుందని ఎవరో చెప్పారట. అది వస్తే మేనకోడల్ని తన ఇంటికి తీసుకుపోతానన్నాడు. రాకపోతే నలుగురు పిల్లలతో తనవల్ల కాదని కూడా దాచకుండా చెప్పాడు. దరఖాస్తు నేనే రాశాను. జహీరాబాద్ దవాఖానలో డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు. ఫారంలో ఒక వరుస నాకు ఇప్పటికీ కంటి ముందు ఉంది. దరఖాస్తుదారు తన బతుకుతెరువు తాను సంపాదించుకోలేని స్థితిలో ఉన్నారా, అన్నదే ప్రశ్న. మిగతావన్నీ దాని చుట్టూ ఉన్న గీతలు, గడులు. ఇది గుర్తుపెట్టుకోండి. ఆ ప్రశ్న ఊళ్ళో చదివింది నేనొక్కదాన్నే.

కొన్ని నెలలకు జిల్లా ఆఫీసు నుంచి విచారణకు ఒక సారు వచ్చాడు. ఆయనా ఒకప్పుడు సిపాయే. ఒక కాలు మడత పడేది కాదు. కాశవ్వ ఇంటి ముందు మంచం వేశారు, ఆడవాళ్ళందరూ చేరారు. మొగులమ్మ ఆయన బూట్ల పక్కనే కూర్చుని వాటి తాళ్ళు ముట్టుకుని చూస్తోంది. ఈమె ఏం చేస్తుంది అని ఆయన అడిగాడు. ఒక్కరు కూడా ఏమీ చేతకాదు అనలేదు. ఎట్లా అంటారు? మనిషి ఎదురుగా ఉంది, నవ్వుతూ వింటోంది. మొగులమ్మ చెయ్యి పడితేనే మాకు పంట అన్నారు, ఆమె ఏరిన విత్తనమే ఊరంతా వేస్తాం అన్నారు, ఇంటింటి నుంచి ఆమెకు జొన్నలు పోతాయి అన్నారు. మా అత్తమ్మ అందరికంటే ఎక్కువ పొగిడింది. పొగుడుతూ మధ్యమధ్య నా వైపు చూసింది. ఆ చూపేమిటో నాకప్పుడు తెలియలేదు.

సారు తెలివైనవాడు. కాగితం మడిచి, లేచి, నన్ను పశువుల కొట్టం పక్కకు పిలిచాడు.

“ఆమె ముంగట్నే అడిగిన, నాదే తప్పు. ఆళ్ళు గట్లనే చెప్తరు. నువ్వు సదువుకున్నదానివమ్మా. నువ్వు చెప్పింది రాస్త. ఈమె పొట్ట ఈమె పోసుకునుడు ఈమెతోని అయితదా?”

“అయితది సార్.”

“జర సోంచాయించి చెప్పు.”

“అయితది సార్. అందరు చెప్పంగ మీరు ఇన్నరు గద.”

ఆయన కొట్టం గోడకు కాగితం ఆనించి రాసుకున్నాడు. కింద నాతో సంతకం చేయించుకున్నాడు. పోయేముందు మొగులమ్మ తల నిమిరి, ఆమె తండ్రిది ఏ పల్టను అని అడిగాడు. ఎవరూ చెప్పలేకపోయారు.

ఎందుకట్లా అన్నాను? ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నకు నేను చెప్పుకోని జవాబు లేదు. నిజమే చెప్పాను గదా అని కొన్నాళ్ళు అనుకున్నాను. మేనమామ పింఛన్ తిని పిల్లను మూలన పడేస్తాడని కొన్నాళ్ళు అనుకున్నాను, ఆ నెమ్మదైన మనిషిని నా మనసులో దొంగను చేసి కూర్చోబెట్టాను. పుట్టిన ఊరు, తెలిసిన ఇళ్ళు, ఇక్కడుంటేనే ఆమెకు సుఖం అని కూడా అనుకున్నాను. ఇవన్నీ తర్వాత కుట్టుకున్న మాటలు. ఆ కొట్టం పక్కన, ఆ నిమిషంలో నా తలలో ఉన్నది ఒక్కటే. పింఛన్ వస్తే ఈమె వెళ్ళిపోతుంది, నా నోటుబుక్కు సగంలో ఆగిపోతుంది. అంతే. ఒక మనిషి జీవితాంతపు కూడు ఒక పక్క, నా కుతూహలం ఇంకో పక్క. నేను ఏ పక్కకు ఒరిగానో మీరు చూస్తున్నారు.

దరఖాస్తు తోసిపుచ్చుతూ ఉత్తరం వచ్చింది. చదివింది నేనే. ఊరంతా ఆఫీసువాళ్ళను తిట్టింది. నేనూ గొంతు కలిపాను. మేనమామ తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, మొగులమ్మకు రెండు చీరలు ఇచ్చి పోయాడు. తర్వాత ఏటా చేల పండగ ఎల్ల అమావాస్యకు వచ్చి ఆమెకింత భజ్జీ కూర, సజ్జరొట్టె పెట్టి పోయేవాడు. కొన్నేళ్ళకు ఆయనా పోయాడు.

ఇక మొగులమ్మ నాది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు సంతోషంగానే ఉండింది. ఈసారి పద్ధతిగా పరీక్ష చేయాలనుకున్నాను. మా చేనులో ఒక మడి చుట్టూ ముళ్ళకంప వేయించాను. మొగులమ్మను లోపలికి పంపి దారాలు కట్టించి, ఆ కంకులను ఆ పూటే నా చేత్తో కోసుకున్నాను. అదే మడిలో నేను కళ్ళు మూసుకుని చేతికి తగిలిన కంకులు అన్నే తెంచాను. రెండూ విడివిడిగా దాచి మరుసటి ఏడు పక్కపక్కనే విత్తి పుల్లలు పాతాను. తేడా ఏమీ లేదు. ఇంకో ఏడు చేశాను. నేను కళ్ళు మూసుకుని తెంచినవే కాస్త బాగా నిండాయి.

అయితే ఆమె చెయ్యి మంచిదన్నది అబద్ధమా అంటే, అదీ కుదరలేదు. మిగతా చేనంతా ఆమె దారం కట్టిన విత్తనమే, అది కంటికి కనిపించేంత బాగుంది. చెయ్యి అదే, దారం అదే. కంప లోపల ఒకటి, కంప బయట ఒకటి ఎట్లా అయింది? నాకు నిద్ర పట్టలేదు. చివరికి అనుములు ఒలుస్తున్న మా అత్తమ్మ దగ్గర కూర్చుని ఈ చిక్కు మొత్తం చెప్పాను.

ఆమె నవ్వింది.

“ముండ్లకంప ఏపిస్తివి గద బిడ్డా. మేమెట్ల పోతం అండ్లకు?”

“మీరెందుకు పోవాలె అత్తమ్మా?”

“దారం మార్వనీకి.”

నాకు అర్థం కాలేదు. ఆమె చేతులు ఆపకుండానే చెప్పింది. శంకరప్ప పోయాక మొగులమ్మ ఆకలైనప్పుడల్లా ఏ గడప ముందు పడితే ఆ గడప ముందు నిలబడేదట. పెడితే కాశవ్వ ఒప్పుకునేది కాదు, ఫౌజీ బిడ్డ అడుక్కుతినదు అని పళ్ళెం వాపసు తెచ్చి ఇచ్చేదట. అప్పుడు పెద్ద ఆడవాళ్ళు కూర్చుని ఈ పని పుట్టించారు. పిల్ల తిరిగి తనకు తోచిన కంకులకు దారం కట్టి పోతుంది. ఆమె ఇంటికి పోయాక చేను గల ఆడది వచ్చి, ఆ దారం విప్పి, మంచి కంకికి కడుతుంది. ఇంటింటా అంతే. ఇన్నేళ్ళుగా ఎవరూ ఎవరితోనూ దీని గురించి మాట్లాడలేదు, మాట్లాడవలసిన పనే పడలేదు. మా చేనులో ఆ పని మా అత్తమ్మ చేసేది.

“నువ్వు అడగని ముచ్చట లేదు ఈ ఊర్ల. గిదొక్కటి ఎందుకు అడగకపోతివి?” అంది. తర్వాత మామూలుగానే, “ఆ ఫౌజు సారు నిన్ను అవుతలికి పిలిచిండు గద. నువ్వు గిదే చెప్పినవనుకున్నం మేమంత. ఆమె ముంగట మేమెట్ల చెప్తుము?” అంది.

ఆమె ఒకసారి తలెత్తి నా ముఖం చూసి, చాట తీసుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఆమెకు తెలిసిందా? అడగాలనిపించేది. అన్నీ అడిగే నేను అది అడగలేదు.

నిజం చెప్పాననే ఊతం అట్లా విరిగిపోయింది. వాళ్ళు ఒక దిక్కులేని పిల్లకు మర్యాదగా తిండి పెట్టడానికి కట్టుకున్న ఏర్పాటును తీసుకుపోయి, ఇదిగో ఈమె సంపాదన అని నేను సర్కారుకు చూపించాను.

దిద్దుకునే దారి లేదా అంటే, ఉంది. కొత్త సర్టిఫికెట్‌తో మళ్ళీ దరఖాస్తు చేయవచ్చని ఆ ఉత్తరంలోనే ఉంది. మూడుసార్లు కాగితం ముందేసుకున్నాను. మొదటి మాటే రాయాలి, నేను సంతకం చేసి చెప్పింది తప్పు అని. అక్కడే చెయ్యి ఆగేది. ఆఫీసువాళ్ళు ఏమంటారోనన్న భయం కొంత. ఎక్కువ భయం ఊరిది. ఈ చదువుకున్నామె మన మొగులమ్మ కూడు తీసిందని బావి దగ్గర అనుకుంటారు. ఆ ఒక్క మాటకు వెరచి మూడు కాగితాలూ పొయ్యిలో పెట్టాను.

ఎనభైల నడుమకు జహీరాబాద్ బజారు నుంచి సంచుల్లో హైబ్రిడ్ విత్తనం రావడం మొదలైంది. అది దాచుకునే విత్తనం కాదు, ఏటా కొత్తది కొనాల్సిందే. ఎర్రమట్టి బుట్టల్లో కోళ్ళు పొదిగించారు. మొదటి రెండేళ్ళు మొహమాటానికి మొగులమ్మకు జొన్నలు ఇచ్చారు. తర్వాత వానలు సరిగా లేని ఏళ్ళు వచ్చాయి, ఎవరి ఇల్లు వాళ్ళకే బరువైంది. ఆమె మాత్రం కోత ముందు చేలల్లోకి పోయి దారాలు కట్టడం మానలేదు. ఆ దారాలు మార్చేవాళ్ళు ఇప్పుడు లేరు. ఒకటి రెండేళ్ళు నేను పోయి మార్చాను. ఎవరూ విత్తని విత్తనానికి నేను మంచి కంకులు వెతకడమేమిటో, మీరు నవ్వినా తప్పు లేదు.

అన్నానికి ఆమె మా ఇంటికే వచ్చేది. పిలవకముందే కాళ్ళూ చేతులూ కడుక్కుని గడప బయట కూర్చునేది. నోరు తెరిచి అడిగేది కాదు, తడి చేతులు ఒడిలో పెట్టుకుని లోపలికి చూసేది. నాకు పని ఎక్కువై ఆలస్యమైన రోజుల్లో ఆ చేతులు ఆరిపోయి ఉండేవి. మళ్ళీ పోయి కడుక్కుని వచ్చేది. నీ కడుపు సల్లగుండ, దిక్కులేనిదాన్ని సాకుతున్నవు అని ఆడవాళ్ళు నన్ను దీవించేవాళ్ళు. వాళ్ళు దీవించినప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు.

చివరి చలికాలం ఆమెకు దగ్గు పట్టుకుంది. పక్కటెముకలు లెక్కపెట్టేట్టు చిక్కిపోయింది. బస్సులో జహీరాబాద్ దవాఖానకు తీసుకుపోయాను. చీటీ రాసే మనిషి పేరు, ఊరు, తండ్రి పేరు అడిగి, తలెత్తకుండా, ఏం పని చేస్తది అన్నాడు.

మళ్ళీ అదే ప్రశ్న. ఈసారైనా సరిగ్గా చెప్పాలని నోరు తెరిచేలోపల, నా భుజం మీద వాలి ఉన్న మొగులమ్మ లేచి నిటారుగా కూర్చుంది.

“ఇత్తనాలు ఏర్త,” అంది.

ఆయన నవ్వి, కూలి అని రాసుకున్నాడు. ఆమె ఆ తర్వాత వారం బతికింది. ఆమె మూటలో స్వెటర్ మెడపట్టీ మాత్రం మిగిలి ఉంది, దాని అంచు నుంచి జానెడు దారం విప్పి ఉంది. దాన్ని నేను దాచుకోలేదు. ఆమెతోపాటే పంపించాను.

చీటీ రాసే ఆ బల్ల ముందు నాకు తట్టిన సంగతి ఇది. ఆమె చేతిలో మహిమ ఉందని ఆ ఊళ్ళో నిజంగా నమ్మినవాళ్ళం ఇద్దరమే. ఆమె, నేను. ఆమెకు బుద్ధి ఎదగలేదు. నాకేమైంది?

నోటుబుక్కు ఇంకా ఉంది. అప్పుడప్పుడూ తీసి చూస్తాను. కంకి వంపు, కాడ లావు, పొద్దు ఎటుంది. “పిలిసింది” అని రాసిన చోట వేలు పెట్టి కూర్చుంటాను. నిజంగా ఏమైనా పిలిచి ఉంటుందా అని ఇప్పటికీ ఆలోచిస్తాను, చూశారా, నా గుణం పోలేదు. మేనమామ ఇంట్లో ఆమె ఎట్లా ఉండేదో ఆలోచిస్తాను. ఆయన భార్య ఆమెకు తల దువ్వేదా? నెలనెలా తండ్రి పేరున ఏదో వస్తోందని ఆమెకు తెలిసేదా? ఈ ప్రశ్నలకు జవాబు నాకు దొరకదు. దొరకకుండా చేసుకున్నది నేనే.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించే హక్కున్న మనిషి లేదు, ఉన్నా ఆమెకు నేరం ఏమిటో అర్థమయ్యేది కాదు, వదినె ఏడుస్తోందని నా కళ్ళు తుడిచేది. ఆ కుంటి కాలి సారు కూడా ఈపాటికి ఉన్నాడో లేడో. ఆయన నన్ను ఆలోచించి చెప్పమన్నాడు. ఆలోచించడానికి నాకు ఇంత కాలం పట్టింది. ఆయనకు ఇవ్వవలసిన జవాబు మీకిస్తున్నాను.

కాదు సార్. ఆమెతోని కాదు.